ఏబేలు మాస్టారు ఐర్లాండులో లేనట్టు ధ్రువపత్రం

మా పెదగుమ్మలూరు తహసీల్దారు కార్యాలయంలో ముప్పయ్యారు రకాల ధ్రువపత్రాలు ఇస్తాం. కులం ఉందని ఇస్తాం, ఆదాయం లేదని ఇస్తాం. ఉన్న ఊళ్ళోనే ఉన్నాడని ఇస్తాం. పోయినవాడికి ఫలానావాళ్ళు వారసులని, ఆ ఫలానావాళ్ళు ఇంకా పోలేదని కూడా ఇస్తాం. ఇరవై రెండేళ్ళుగా సీనియర్ అసిస్టెంటు కుర్చీలో కూర్చుని ఇవన్నీ నా చేతుల మీదుగా పంపినవాణ్ణి. మనిషికి కావలసిన కాగితం ఏదైనా మా జాబితాలో ఉండి తీరుతుందని నాకో ధీమా. ఆ ధీమాను గెడ్డం ఏబేలు మాస్టారు ఒక సోమవారం, అర్జీలు తీసుకునే వేళ, పోగొట్టారు.

ఏబేలు మాస్టారు మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. నెమ్మదైన మనిషి. మెడలో ఈల ఉంటుంది కానీ ఊదడానికి మొహమాటపడతారు. ఆయన భార్య రూతు నర్సు. కాలేజీ రోజుల్లో ఇద్దరూ వాలీబాల్ ఆడారు, ఆ నెట్టు దగ్గరే పెళ్ళి కుదిరింది. రూతు మూడేళ్ళ ఒప్పందం మీద ఐర్లాండులో ఒక ఆసుపత్రికి వెళ్ళి రెండేళ్ళయింది.

అర్జీ మీద విషయం ఇలా ఉంది: “నేను విదేశంలో ఉన్నట్టు ధ్రువపత్రం మంజూరు చేయుట గురించి.”

తహసీల్దారు వరాహమూర్తి గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివారు.

“మాస్టారూ, మీరు ఉంటున్నది ఎక్కడ?”

“పెదగుమ్మలూరేనండి. చెరుకు కాటా ఎనకాల.”

“పెదగుమ్మలూరు విదేశమా?”

“ఐర్లాండోళ్ళకి విదేశమేనండి.”

“నేను ఎవరి అధికారిని?”

“మన అధికారేనండి.”

“మన అధికారి వాళ్ళ కళ్ళతో ఎలా చూస్తాడండీ? ప్రభుత్వం నాకు ఇచ్చినవి ఈ రెండు కళ్ళే.”

మాస్టారు తల గోక్కుని మొదటినుంచీ చెప్పారు. ఐర్లాండులో వాళ్ళదే అయిన ఫుట్‌బాల్ ఒకటుంది. గేలిక్ ఫుట్‌బాల్ అంటారు. జట్టుకి పదిహేనుమంది. బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తొచ్చు. గోలు కర్రలు పైకి సాగి ఉంటాయి. బంతి అడ్డకర్ర మీదుగా పోతే ఒక పాయింటు, కిందనున్న వలలో పడితే మూడు. రూతు వార్డులో నర్సులంతా ఆడుతుంటే, పైకొచ్చే బంతుల్ని ఈవిడ వాలీబాల్ చేతులతో పట్టేయడం చూసి గోలు కాయడానికి నిలబెట్టారు. ఇప్పుడా ఊరి ఆడవాళ్ళ జట్టు ఫైనల్సుకి వచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారం ఆట.

“నువ్వు చూస్తున్నావంటే నాకు చేతులు వణకవు అందండి,” అన్నారు మాస్టారు, నేల చూస్తూ. “సూత్తానని మాటిచ్చేశాను.”

చిక్కల్లా ప్రసారం దగ్గర వచ్చింది. ఆ దేశంలో ఉన్నవాళ్ళు మైదానానికి పోయి చూడాలట. ఇంటర్నెట్టులో ప్రత్యక్ష ప్రసారం విదేశాల్లో ఉన్నవాళ్ళకి మాత్రమేనట. స్వదేశంలో ఉండి దొంగతనంగా చూడకుండా, తాము విదేశంలో ఉన్నట్టు స్థానిక అధికారి చేత రాయించి పంపమని ఆ ప్రసార కంపెనీ షరతు. మాస్టారు ఆధార్ కార్డు పంపారు. అందులో ‘విదేశం’ అన్న మాట లేదని తిరగ్గొట్టారు.

మామూలు రోజుల్లో అయితే వరాహమూర్తి గారు “కుదరదు” అని ఒక్క మాట రాసి ఊరుకునేవారు. కానీ ఆ నెల నుంచే జిల్లాలో ‘కాదనని పాలన’ మొదలైంది. ఏ అర్జీనీ తిరస్కరించకూడదు. తిరస్కరించిన కార్యాలయానికి జిల్లా పటం మీద ఎర్రచుక్క పెడతారు. మా మండలానికి అప్పటికే ఒకటుంది, తన ఎద్దుకు ఓటు హక్కు కావాలన్న రైతుని కాదన్నందుకు.

“విదేశంలో ఉన్నారని ఇవ్వలేం,” అన్నారు తహసీల్దారు గారు చాలాసేపు ఆలోచించి. “ఐర్లాండులో లేరని ఇవ్వగలం. సత్తిరాజు గారూ, విచారణకు పెట్టండి.”

సత్తిరాజు అంటే నేనే. పెట్టాను.

విచారణకు మా వీఆర్వో సూర్యావతి గారు వెళ్ళారు. బడి వేళ కావడంతో మాస్టారి ఇంటికి తాళం ఉంది. ఆమె నియమం తప్పని మనిషి. “అర్జీదారు నివాసమున లేరు. ఐర్లాండులో ఉన్నదీ లేనిదీ తాళమును బట్టి తెలియరాలేదు” అని నివేదిక ఇచ్చారు.

రెండోసారి ఆదివారం వెళ్ళి మాస్టారిని ఇంట్లోనే పట్టుకున్నారు. పంచనామాకి ఐదుగురు సాక్షులు కావాలి. మొదటి సాక్షి, వడ్ల మిల్లు కాంతయ్య, అంతా విని అడిగాడు.

“ఐర్లాండంటే ఎటేపండీ?”

“అదెక్కడో తెలీకుండా అక్కడ లేరని ఎలా సంతకం పెడతావయ్యా?” అన్నారు సూర్యావతి గారు.

“ఇక్కడున్నారు కదండీ, ఎదురుగా!”

“అది నివాస ధ్రువపత్రం. ఇది వేరు.”

కాబట్టి ముందు సాక్షులకు ఐర్లాండు తెలియాలని తేలింది. పంచాయతీ గోడకి ప్రపంచపటం తగిలించి, సోషల్ మేష్టారు చేత మూడు రోజులు పాఠం చెప్పించాం. నాలుగో రోజున ఐదుగురూ పటం మీద ఐర్లాండు చూపించి, అక్కడ ఏబేలు మాస్టారు కనిపించడం లేదని వేలిముద్రలూ సంతకాలూ వేశారు.

తర్వాత ఏడు రోజుల అభ్యంతరాల గడువు. ఊళ్ళో దండోరా వేయించాం. ‘గెడ్డం ఏబేలు ఐర్లాండులో లేడనడం మీద ఎవరికైనా అభ్యంతరముంటే’ అని. ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది. పెట్టినవాడు మాస్టారి పొరుగింటి కొల్లి గవర్రాజు. ఇద్దరికీ మధ్య గోడ తగాదా ఉంది.

విచారణలో గవర్రాజు లేచి నిలబడ్డాడు. “ఆలుమగలు ఒకటేనని పెద్దోళ్ళే చెప్పారండి. ఆవిడ అక్కడుంది. ఆవిడ ఈయనలో సగం. అంటే ఈయన సగం అక్కడున్నట్టే కదండీ?”

మాస్టారు ఏదో అనబోయి, ఆగి, “అదీ నిజమేనండి” అన్నారు. గవర్రాజు తడబడి కూర్చున్నాడు.

తహసీల్దారు గారు మాత్రం అరగంట కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పి రాయించారు: “అర్జీదారు శ్రీ గెడ్డం ఏబేలు, భార్యా భాగం మినహా, ఐర్లాండు దేశమున లేరని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.” ముద్ర వేశాం. ముప్పయ్యేడో రకం ధ్రువపత్రం పుట్టిందని కార్యాలయంలో మిఠాయి పంచుకున్నాం.

మూడో రోజుకి కంపెనీ జవాబు వచ్చింది. మీ పత్రానికి సంతోషం, కానీ ఇందులో ‘విదేశం’ అన్న మాట లేదు.

ఆటకి పన్నెండు రోజులే ఉంది. మాస్టారు పోనీలెండి అన్నారు. మేం పోనివ్వలేదు. ఆయన పోనీ అన్నా మా ఎర్రచుక్క పోదు. ఫైలు జిల్లాకి వెళ్ళింది. అక్కడ ఉన్నతాధికారుల సమావేశం జరిగింది. నేనే ఫైలు మోసుకు వెళ్ళాను కనుక విన్నాను.

“మనిషిని విదేశానికి పంపలేనప్పుడు,” అన్నారు ఒక అధికారి, “విదేశాన్నే మనిషి దగ్గరికి తీసుకురావడం ప్రజల ముంగిట పాలన అనిపించుకుంటుంది.”

“సమంజసం,” అన్నారు ఇంకొకరు. “అయితే ఒక్క ఇంటిని విదేశం చేస్తే పక్కింటివాళ్ళకి వివక్ష అవుతుంది. కనీసం మండలం యూనిట్టుగా తీసుకోవాలి.”

ఎవరూ నవ్వలేదు. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, ఉత్తర్వు వచ్చింది. ‘గేలిక్ బంతాట ప్రత్యక్ష ప్రసార వీక్షణ నిమిత్తం మాత్రమే, సదరు ఆట జరుగు ఆదివారం ముగియు వరకు, పెదగుమ్మలూరు మండలాన్ని విదేశంగా భావించవలెను.’ దాన్ని అన్ని శాఖలకూ పంపారు. అయితే ఆ వారమే కాగితం పొదుపు వారోత్సవాలు కూడా నడుస్తున్నాయి. అందుకని శాఖలకు పంపిన ప్రతుల్లో ముఖ్యమైన భాగం మాత్రమే ఉంచారు: ‘పెదగుమ్మలూరు మండలాన్ని విదేశంగా భావించవలెను.’

శాఖలు భావించాయి.

రేషను బియ్యం లారీని మండలం సరిహద్దులో ఆపేశారు. ఎగుమతి అనుమతి లేదట. డ్రైవరు రెండు రోజులు లారీ కిందే వండుకు తిన్నాడు. పశువుల ఆసుపత్రికి రావలసిన టీకాలు రాలేదు. పరదేశపు గేదెలకు వేసే టీకా వేరట. మా ఊరినుంచి పక్క మండలం కాలేజీకి వెళ్ళే పిల్లల్ని విదేశీ విద్యార్థుల దరఖాస్తు నింపి రమ్మన్నారు. తనిఖీకి వచ్చిన డివిజను అధికారి గారు మాత్రం మా కార్యాలయం ముందు ఫోటో తీయించుకుని, విదేశీ పర్యటన కింద తన సర్వీసు పుస్తకంలో ఎక్కించుకున్నారు. మేమూ ఊరుకోలేదు. మా గుమ్మానికి ‘సందర్శకులకు స్వాగతం’ అని బోర్డు పెట్టాం.

ఒకటో తారీకున పింఛను రాలేదు. విదేశాల్లో స్థిరపడినవారు అనర్హులని నిబంధన ఉందట.

ఆ సాయంత్రం వానపల్లి నీలమ్మ కర్ర పోటేసుకుంటూ బడి దగ్గరికి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, రాజమండ్రి దాటి ఎరగదు. నేనూ అక్కడే ఉన్నాను, మాస్టారి సంతకం కోసం వెళ్ళి.

“ఏం బాబూ ఏబేలు, నన్ను పరాయిదేశం పంపేశావంట?”

మాస్టారు గబుక్కున లేచారు. “నేనడిగింది అది కాదు మామ్మా. మా ఆవిడ ఆట చూద్దామని…”

“ఆ బిళ్ళలు లేపోతే రేత్రి కాళ్ళు లాగేత్తాయి బాబూ. డబ్బులొత్తేగాని మందుల కొట్టోడు ఇవ్వడు.”

ఆయన వెంటనే మందుల కొట్టుకి వెళ్ళి బిళ్ళలు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. తర్వాత నావైపు తిరిగారు. “సత్తిరాజు గారూ, రేపొద్దున్నే నా అర్జీ ఎనక్కి తీసేసుకుంటానండి. నాకు ఆటా వద్దు, ఏం వద్దు. రూతుకి నేను చెప్పుకుంటాను.”

ఆ మాట చెప్పడానికి ఆయనకెంత కష్టమైందో నాకు కనపడింది. ఓదార్చడానికి నా దగ్గర నమూనా పత్రం లేదు.

మర్నాడు అర్జీ ఉపసంహరణ కాగితం తహసీల్దారు గారి బల్ల మీద పెట్టారు. వరాహమూర్తి గారు నొచ్చుకున్నట్టే కనిపించారు. “మాస్టారూ, ఉపసంహరించుకునే హక్కు పౌరుడికి ఉంటుంది. మీరిప్పుడు విదేశ నివాసి. ఆదివారం ముగిసేవరకు మీ కాగితం నేను తీసుకోకూడదు.”

“మరి మీరూ ఇక్కడే ఉన్నారు కదండీ?”

“నేను డిప్యుటేషను మీద ఉన్నట్టు.”

శనివారం నాడు మాస్టారు, ఇంత జరిగాక ఎటూ ఆగేది లేదు కదా అని, ఆ ఉత్తర్వు నకలు కంపెనీకి పంపారు. ఈసారి ‘విదేశం’ అన్న మాట ఉంది. గంటలో జవాబు వచ్చింది: అభినందనలు, మీ పత్రం ఆమోదించాం, కింది జాబితాలోంచి మీ దేశం ఎంచుకోండి. జాబితాలో నూటతొంభై దేశాలున్నాయి. పెదగుమ్మలూరు లేదు. ఇండియా అని నొక్కితే, మీ పత్రం ప్రకారం మీరు అక్కడ లేరు అంది.

మాస్టారు ఫోను జేబులో పెట్టుకుని నవ్వారు. ఈ నెల రోజుల్లో ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. కాని సంతోషం నవ్వు కాదది.

ఆ సంగతంతా ఆయన రూతుకి ఫోనులో చెప్పారు. ఆవిడ అంతా విని, “ఇన్ని కాయితాలెందుకయ్యా? నోరాకి చెప్తానుండు” అని పెట్టేసిందట.

నోరా అంటే రూతు వార్డులో పనిచేసే పెద్దావిడ. మోకాలు నొప్పితో ఆట మానేసి, ప్రతి ఆటకీ మైదానం గట్టు మీద కూర్చుని అరుస్తుంటుంది. ఆదివారం అక్కడ మధ్యాహ్నం రెండు, ఇక్కడ సాయంత్రం ఆరున్నర. మాస్టారి ఫోను మోగింది. తీస్తే వీడియోలో ముందు నోరా ముక్కు కనిపించింది, తర్వాత పచ్చటి మైదానం, దాని చివర గోలు కర్రల మధ్య చిన్నగా, పసుపు చొక్కాలో రూతు.

మాస్టారు ఆ ఫోనుని బడిలో పాఠాలు చెప్పే పెద్ద తెరకి తగిలించారు. ఒక్కరే చూద్దామనుకున్నారు పాపం. తలుపు దగ్గర నీలమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక పింఛను రాని వాళ్ళు ఇరవైమంది ఉన్నారు.

“మీరంతా నన్ను క్షమించాలి మామ్మా,” అన్నారు మాస్టారు.

“క్షమించడం తరవాత సంగతి. జరుగు,” అంది నీలమ్మ. “మా పింఛనెట్టి తెచ్చిన ఆట. సూడకుండా ఎల్లిపోతామేంటి?”

ఐదుగురు పంచనామా సాక్షులూ వచ్చారు. గవర్రాజు వచ్చి మూల నించున్నాడు. వీఆర్వో సూర్యావతి గారు వచ్చారు. నేనూ ఉన్నాను, కార్యాలయం తరఫున కాదు. నోరా చెయ్యి వణికినప్పుడల్లా మైదానం వణికేది. ఆవిడ అరిచినప్పుడల్లా మైదానం పోయి ఆకాశం వచ్చేది. అయినా ఒక్కరూ లేవలేదు. రెండో సగానికి వచ్చేసరికి బంతి మనవైపు వస్తే చాలు ఊరంతా “రూతమ్మా!” అని కేకలు. ఆ ఆట ఎలా ముగిసిందో ఇక్కడ చెప్పను. అది రికార్డుల్లోకి ఎక్కింది, అక్కడినుంచే చెప్పడం పద్ధతి.

మంగళవారం జిల్లా నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. పింఛన్ల గొడవ పేపర్లో పడిందట. పెదగుమ్మలూరు విదేశం కాదని, ఎప్పుడూ కాలేదని, మొదటి ఉత్తర్వు మొదలునుంచే లేనట్టుగా భావించవలెనని అందులో ఉంది. పింఛన్లు, బియ్యం వెంటనే పంపించారు. అంతవరకు బాగుంది. ఆఖరి పేరా తహసీల్దారు గారు నాచేత పైకి చదివించారు. ‘మండలం విదేశం కానందున, సదరు అర్జీదారు అట్టి ఆటను చూచి ఉండుటకు వీలులేదు. కావున చూడలేదని ఆయన వాంగ్మూలం తీసుకుని ఫైలు మూసివేయవలెను.’

మాస్టారిని పిలిపించారు. నేను కలం పట్టుకుని పక్కన కూర్చున్నాను.

“చిన్న పని మాస్టారూ. ఆదివారం మీరు ఆట చూడలేదు. సంతకం పెట్టండి.”

“చూశానండి.”

“చూడడానికి మీకు అర్హత లేదండీ.”

“అర్హత లేదండి. చూశానండి.” ఆయన అంత గట్టిగా మాట్లాడడం మా కార్యాలయం ఎన్నడూ ఎరగదు. “నెల రోజులు మీరేం రాయమంటే అది రాశాను. లేనన్నారు, ఉన్నానన్నారు, సగమన్నారు. అన్నిటికీ ఆయ్ అన్నాను. నా పెళ్ళాం ఆడుతుంటే చూడలేదని మాత్రం రాయనండి.”

వరాహమూర్తి గారు గడియారం చూసుకున్నారు. “సరే. చూశానన్నది మీ వాదన. వివరాలు లేకుండా వాదన నమోదు చేయలేం. ఏం చూశారో చెప్పండి. సత్తిరాజు గారూ, రాసుకోండి.”

మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు. మొదటి సగంలో మనవాళ్ళు నాలుగు పాయింట్లు వెనకబడ్డారని, వాన పడిందని, బంతి సబ్బుముక్కలా జారిందని చెప్పారు. రూతు ఒక బంతి వదిలేస్తే వలలో పడి మూడు పాయింట్లు పోయాయని మాత్రం గబగబా చెప్పేశారు.

“ఆమె వదిలేసిందా?” అన్నారు తహసీల్దారు గారు.

“జారిందండి.”

“జారింది అని రాయండి సత్తిరాజు గారూ. వదిలేసింది అని కాదు.”

రెండో సగంలో మనవాళ్ళు ఒక్కొక్క పాయింటే ఏరుకున్నారు. నాలుగు నిమిషాలుందనగా ముందుకు వచ్చారు, రెండు పాయింట్ల తేడాతో. అవతలివాళ్ళకి ఇక ఒక్కటే దారి, బంతి వలలో పడాలి. అటెండరు ఫైళ్ళు తెచ్చి, తిరిగి వెళ్ళడం మానేశాడు. తహసీల్దారు గారి టీ చల్లారిపోయింది.

“చివరి నిమిషమండి. అవతలోళ్ళు మైదానం మధ్యనుంచి ఎత్తి కొట్టారు. బంతి మేఘాల్లోకి ఎల్లిపోయింది. కింద తొమ్మిదిమంది తోసుకుంటున్నారు. మా ఆవిడ గీత మీద నిలబడొచ్చు. నిలబడలేదండి. ముందుకు ఉరికింది.”

“అయ్యో, గోలు ఖాళీ కదండీ!” తహసీల్దారు గారు కుర్చీ అంచుకి వచ్చేశారు.

“ఖాళీయేనండి. ఉరికి ఎగిరింది. అందరి తలలమీంచి రెండు చేతులూ కనిపించాయి. అంతే. తర్వాత అందరూ ఆవిడ మీద పడిపోయారు. నోరా ఫోను కూడా పడేసింది. మాకు గడ్డి ఒక్కటే కనబడుతోందండి.”

“మరి బంతి?”

“తెలీలేదండి. ఊరంతా ఊపిరి బిగబట్టుకుని గడ్డి చూస్తున్నాం. ఇంతలో ఆట ముగిసిన బూర మోగింది. నోరా ఫోను తీసింది. మా ఆవిడ బురదలో కూర్చునుందండి. బంతి ఇలా, కడుపులో పెట్టుకుని. నోరా ఎవరికి చూపిత్తోందో ఆవిడకి తెలుసు కదండీ. ఇటే చూసింది.”

అటెండరు ముక్కు చీదుకున్నాడు.

వరాహమూర్తి గారు గొంతు సవరించుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, నావైపు చూడకుండా చెప్పారు. “రాయండి. అర్జీదారుని వాంగ్మూలం సవివరంగా పరిశీలించిన మీదట, ఆయన సదరు ఆట చూడలేదని నిర్ధారించడమైనది. ఫైలు మూసివేయడమైనది.”

రాశాను. ముద్ర వేశాను. మాస్టారు లేవబోయారు.

“కూర్చోండి, కూర్చోండి,” అన్నారు తహసీల్దారు గారు, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. “ఆవిడ గీత వదిలి ముందుకు ఉరికింది కదా, ఆ ముక్క ఇంకొక్కసారి చెప్పండి.”